ఎరవు గొడ్డలి, పెద్ద కెమెరా

ధ్యానభాగము: రాజుల రెండవ గ్రంథము 6:1–7



మామిడి పూతకు వచ్చినప్పుడు మన నూజివీడు ప్రాంతమున ప్రతి ఇంటిలోను ఒక లెక్క మొదలగును. పూత చూచి కాపు ఎంత యని అంచనా వేయుదుము. కాపు తలచుకొని ఏ అప్పు తీరును, ఏ పిల్ల పెండ్లి జరుగును, ఇంటి కప్పు ఎప్పుడు వేయుదుము అని ఆలోచింతుము. పిందె కట్టకముందే ఆ డబ్బు మన మనస్సులో మూడుమారులు ఖర్చయిపోవును. అట్టి దినములలో ఒక సాయంకాలము మా సంఘములోని ఒక యువకుడు మా ఇంటికి వచ్చెను. అతడు పెండ్లిండ్లకు, బాప్తిస్మములకు, జ్ఞాపకార్థ కూడికలకు ఫొటోలు తీసి జీవించువాడు. కష్టజీవి. అరుగుమీద కూర్చుండి కొంతసేపు తోటల సంగతి, మంచు సంగతి మాటలాడి, తుదకు వచ్చిన పని చెప్పెను.

“మాష్టారూ, నన్ను ఫుల్‌ఫ్రేమ్ కెమెరా కొనమంటారా, వద్దంటారా?”

ఆ పేరు వినుట నాకు అదే మొదటిసారి. అతడే ఓపికతో విప్పి చెప్పెను. పూర్వము కెమెరాలో ఫిల్ము ఉన్న చోట ఇప్పుడు సెన్సారు అను చిన్న పలక ఉండును. వెలుతురును పట్టుకొనునది అదే. అతని కెమెరాలోని పలక సుమారు 23.5 మిల్లీమీటర్ల పొడవు, 15.6 మిల్లీమీటర్ల వెడల్పు గలది. దానిని ఏపీఎస్‌-సి అందురు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో ఆ పలక 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు ఉండును. వైశాల్యము లెక్కకట్టినయెడల చిన్నదానికి ఇది రెండింతలకు పైమాటయే.

“సాయంకాలపు పెండ్లిండ్లలో మన పల్లె మందిరాల్లో రెండు ట్యూబులైట్లే ఉంటాయి మాష్టారూ. ఆ వెలుతురులో ముఖాలు సరిగా రావటం లేదు. పెద్ద కెమెరా అయితే వస్తాయి. పట్నంలో అందరూ మార్చేశారు. పెండ్లివారు కూడా ముందు ఏ కెమెరా అనే అడుగుతున్నారు,” అనెను.

డబ్బు ఎక్కడిది అని నేను అడిగితిని. కెమెరాయు, దానికి తగిన లెన్సులును కలిపి సులభముగా రెండు లక్షలు దాటునట. తండ్రికి రెండెకరముల తోట ఉన్నది. కాయ తయారగువరకు ఆగక పూతమీదనే వర్తకునికి తోట అమ్మివేసినయెడల కొంత సొమ్ము ఇప్పుడే చేతికి వచ్చును. మిగిలినది నూటికి రెండు రూపాయల వడ్డీకి దొరకును. చెల్లెలు నర్సింగు రెండవ సంవత్సరము చదువుచున్నది. ఆమె ఫీజు కూడ ఆ తోటలోనే ఉన్నది. ఈ చివరి మాట అతడు నేలచూపులు చూచుచు మెల్లగా చెప్పెను.

ఇట్టి ప్రశ్నకు మనకు రెండు జవాబులు సిద్ధముగా ఉండును. ఒకటి, “అది లోకాశ, ఉన్నదానితో తృప్తిపడుము” అనునది. రెండవది, “విశ్వాసముతో అడుగు వేయుము, దేవుడే తీర్చును” అనునది. రెండును భక్తిగల మాటలవలెనే వినబడును. అయితే రెండింటిలోను ఒక సోమరితనము కలదు. మొదటిది చెప్పువాడు ఆ యువకుని పని యేమో తెలిసికొనలేదు. రెండవది చెప్పువాడు ఆ అప్పులో ఒక్క రూపాయియైనను తాను కట్టడు. గనుక నేను వెంటనే ఏమియు చెప్పక, కొన్ని దినములు గడువు అడిగి, ఈ కెమెరాల సంగతి తెలిసికొన ప్రయత్నించితిని. తెలిసినంతవరకు ఇక్కడ వ్రాయుచున్నాను.

మొదట ఆ పేరును చూతము. ఫుల్‌ఫ్రేమ్ అనగా పూర్తి చట్రము. మరి తక్కినవన్నియు అసంపూర్ణములా? 1880లలో ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానమున ఫొటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ పెద్ద పెద్ద గాజు పలకలమీద చిత్రములను పట్టెను. ఆ కాలమున సాధారణముగా పలక ఎంతయో కాగితముమీది చిత్రమును అంతయే. పెద్ద చిత్రము కావలెనన్న పెద్ద పలకనే మోయవలెను. తరువాత జర్మనీ దేశమందు వెట్జ్‌లార్ పట్టణమున లైట్జ్ కంపెనీలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్ అను ఆయన, సినిమా ఫిల్ముతో నడుచు చిన్న కెమెరా ఒకటి 1913 ప్రాంతమున తయారుచేసెను. సినిమా చట్రమునకు రెండింతలుగా, 36 మిల్లీమీటర్లకు 24 మిల్లీమీటర్ల కొలత ఆయన పెట్టినదే. 1925లో అది లైకా అను పేరుతో అమ్మకమునకు వచ్చెను. ఆ కొలతకు జర్మనులు ఇచ్చిన పేరు ‘చిన్న చిత్రము’ అని అర్థమిచ్చును. అదే కొలతను డిజిటల్ కెమెరాల కాలమున ‘పూర్తి చట్రము’ అని పిలిచిరి. 2002లో కేనన్ కంపెనీ అట్టి కెమెరాను అమ్మకమునకు తెచ్చెను. 2005లో అంతకంటె తక్కువ వెలకు మరియొకటి తెచ్చెను. ఇప్పుడు దీనికంటె పెద్దవియు ఉన్నవి. 44 మిల్లీమీటర్లకు 33 మిల్లీమీటర్ల పలక గల కెమెరాలు దొరకుచున్నవి. దీన్‌దయాళ్ కాలమువారికి చిన్నది మనకు పూర్తియైనది. మనకు పూర్తియైనది మరియొకనికి చాలనిది. ‘పూర్తి’ అను పేరు విని, అది కొన్నతరువాత ఆశ తీరి ఊరకుండునని ఎవరును తలంపరాదు.

అయితే పేరును కొట్టివేసినంత మాత్రమున వస్తువును కొట్టివేసినట్లు కాదు. పెద్ద పలకవలన నిజముగా మేలు కలదు. ఒకే దృశ్యమును ఒకే తీరు లెన్సు తెరపుతో తీసినయెడల పెద్ద పలకమీద మొత్తముమీద 2.3 రెట్లకు పైగా వెలుతురు పడును. మసక వెలుతురులో బొమ్మ ఇసుక చల్లినట్లు కనబడుట దానివలన తగ్గును. ఆ యువకుడు నాకొక ఫొటో చూపెను. పెండ్లికుమార్తె తండ్రి కూలిపని చేయువాడు, ఎండలో మాడినవాడు. వెనుక సున్నము వేసిన గోడ తెల్లగా వచ్చినది. ఆయన ముఖము మాత్రము నల్లని మచ్చవలె ఉన్నది. కుమార్తె పెండ్లినాడు తండ్రి కన్నులలో ఏమి ఉన్నదో ఆ ఫొటోలో తెలియలేదు. ఇది చిన్న సంగతి కాదు. రంగుల ఫిల్ము దినములలో కొడాక్ కంపెనీ పంపిన రంగుల కొలత కార్డులమీద తెల్లని చర్మము గల స్త్రీ బొమ్మయే ఉండెడిది; నల్లనివారి ముఖములు సరిగా రాకపోవుట చాలకాలము ఎవరికిని లోపముగా తోచలేదు. మన పల్లెలో ఒక యువకునికి అది లోపముగా తోచుట నాకు సంతోషము కలిగించెను. దానిని లోకాశ యని నేను అనలేను.

కాని ఆ లోపమునకు మందు పెద్ద పలక ఒక్కటియేనా? అతని కెమెరాతో వచ్చిన లెన్సు బాగుగా దగ్గరకు లాగినప్పుడు 5.6 అను తెరపుకంటె ఎక్కువ తెరచుకొనదు. 1.8 వరకు తెరచుకొను 50 మిల్లీమీటర్ల చిన్న లెన్సు పెద్ద కెమెరా వెలలో స్వల్పభాగమునకే దొరకును. ఆ తెరపువలన తొమ్మిది రెట్లకు మించి వెలుతురు లోపలికి వచ్చును. పెద్ద పలక ఇచ్చునది 2.3 రెట్లు, చిన్న లెన్సు ఇచ్చునది తొమ్మిది. అయితే దానికిని ఒక లోపము కలదు. అంత తెరచినప్పుడు ముందు నిలిచినవారు స్పష్టముగాను, వెనుక వరుసవారు మసకగాను వత్తురు. ఇరుకు గదిలో అందరిని పట్టుకొనుటకును అది చాలదు. అందుకు వెడల్పు లెన్సు కావలెను. అవి చిన్న కెమెరాలకును ఉన్నవి. మరియు అతని పాత లెన్సులు చిన్న పలకకొరకు చేసినవి. వాటిని పెద్ద కెమెరాకు తగిలించినయెడల పలకలో నడుమ భాగమే పనికివచ్చును. 24 మెగాపిక్సెళ్ల కెమెరా సుమారు 10 మెగాపిక్సెళ్లదగును. కొత్త కెమెరా వచ్చి పాత లెన్సులను పనికిమాలినవిగా చేయును. లెన్సుల వెల తరువాత తెలియును. ఇక ఆల్బము మాట. 18 అంగుళముల పొడవు, 12 అంగుళముల వెడల్పు గల పుటకు అంగుళమునకు 300 చుక్కలచొప్పున 20 మెగాపిక్సెళ్లలోపే చాలును. అతని కెమెరా 24 మెగాపిక్సెళ్లది.

మనకు తెలిసిన మాటలో చెప్పవలెనన్న, కలెక్టరు కాయ పెద్దది, చిన్నరసము చిన్నది. గుజ్జు తీయు ఫ్యాక్టరీవాడు కలెక్టరు కొనును; పిండుకొని తినువాడు రసమును వెదకును. ఏది మంచి కాయ యని అడిగినవానికి మన తోటవారు, ఎందుకు కావలెనని తిరిగి అడుగుదురు.

ఇప్పుడు పైన వ్రాసిన వాక్యభాగమునకు వత్తము. ఎలీషాయొద్ద ఉన్న శిష్యులు తాము నివసించు చోటు తమకు ఇరుకైనదని చెప్పి, యొర్దాను దరికి పోయి మ్రానులు నరికి విశాలమైన చోటు కట్టుకొందుమని అనుమతి అడిగిరి. ఇరుకులోనే ఉండి తృప్తిపడుడని ప్రవక్త వారిని గద్దింపలేదు. వెళ్లుడనెను, వారు రమ్మనగా తానును వెళ్లెను. విశాలమైనది కోరుట దానంతటది తప్పు కాదని ఇందువలన తెలియుచున్నది. కాని వారు పొరుగువారి ఇల్లు పెద్దదని చెప్పలేదు. మాకు చోటు చాలదని చెప్పిరి. వారి కొరత ఇదియని వారికి తెలియును.

అక్కడ ఒకడు మ్రాను నరుకుచుండగా గొడ్డలి ఊడి నీటిలో పడెను. వాడు మొరపెట్టినది తన పని ఆగిపోయినదని కాదు, అది మరియొకనియొద్ద ఎరవు తెచ్చినదని. సొంతదైనయెడల నష్టము తనకే. ఎరవుదైనందున నష్టము మరియొకనిది, మాట తనది. ప్రవక్త ఆ ఇనుమును తేల్చెను. అది దేవుని దయ. అయితే ఆ కథ మనము ధైర్యముగా గొడ్డళ్లను నదిలో వేయవలెనని వ్రాయబడలేదు. ఎరవు వస్తువుమీద ఆ శిష్యునికి ఉన్న దిగులును ప్రవక్త తేలికగా తీసికొనలేదని తెలియజేయుటకును అది వ్రాయబడెనని నేను తలంచుచున్నాను.

మన యువకుని గొడ్డలి ఎవరిది? సగము తండ్రి తోటది. పూతమీద అమ్మిన తోటకు కాయమీద అమ్మిన తోట వెల రాదు. వేయి పూలలో కాయగా నిలుచునవి కొన్నియే. మంచు, తేనెమంచు పురుగు, బూడిద తెగులు, ఈదురుగాలి అన్నియు దాటి రావలెను. ఆ భయమంతయు వర్తకుడు ముందే వెలలో తగ్గించుకొనును. ఆ తగ్గినదే చెల్లెలి ఫీజు. మిగిలిన సగము వడ్డీది. లక్ష రూపాయలకు నూటికి రెండుచొప్పున నెలకు 2,000 రూపాయలు, ఏటికి 24,000. పెండ్లిండ్లు లేని నెలలలోను వడ్డీ ఆగదు. అంటు మామిడి నాటిన నాలుగైదేండ్లకు కాపుకు వచ్చి దినదినము పెరుగును. కెమెరా వెల కొన్ననాటినుండి తరుగుచుండును. ఆ భారము మోయలేనప్పుడు అతడు పెండ్లి ఫొటోల రేటు పెంచవలెను. అప్పుడు ఏ కూలివాని ముఖము సరిగా తీయవలెనని పెద్ద కెమెరా కోరెనో, ఆ కూలివాడే అతనిని పిలువలేకపోవును. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు లూకా 14వ అధ్యాయమందు బోధించెను. ఆ లెక్కలో మన పేరు మాత్రమే కాక, మన నిమిత్తము చెల్లించువారి పేర్లును వ్రాయవలెను.

నేను అతనికి ఇట్లు చెప్పితిని: “అబ్బాయీ, ఈ వేసవి ఒక్కటి ఆగు. ఒక నోటుపుస్తకం పెట్టుకో. చెడిపోయిన ప్రతి ఫొటోకు ఒక వరుస వ్రాయి. ఎందుకు చెడింది? చేతివల్లనా, దీపంవల్లనా, లెన్సువల్లనా, లోపలి పలకవల్లనా? వేసవి అయ్యాక ఆ పుస్తకమే నీకు చెబుతుంది. నన్ను అడగనక్కరలేదు.”

అతనికి ఈ మాట అంత రుచింపలేదు. అయినను తోట పూతమీద అమ్మలేదు, నోటుపుస్తకము పెట్టెను. లెంటు దినములు గడచి, ఈస్టరు తరువాత పెండ్లిండ్లు వచ్చెను. కాయ దిగెను, చిన్నరసములు అయిపోయెను, బడులు తెరచిరి. ఆషాఢములో ఒకనాడు ఆ పుస్తకము తెచ్చి నాకు చూపెను.

ఎక్కువ వరుసలలో కారణము చేయి. తెల్లగోడకు సరిపడునట్లు వెలుతురు కొలిచి, ముఖమునకు కొలువలేదని వ్రాసికొనెను. తొందరలో చేయి కదలెనని వ్రాసికొనెను. గంట ముందు పోయి మరియొక దీపము పెట్టుమని సంఘపెద్దను అడిగియుండిన బాగుండెడిదని వ్రాసికొనెను. కొన్ని వరుసలలో లెన్సు. నడువేసవిలో అతడు ఆ 50 మిల్లీమీటర్ల లెన్సు కొనెను. తరువాతి పుటలలో ఆ వరుసలు తగ్గెను. అయినను కొన్ని మిగిలెను. రాత్రి కరెంటు పోయి ఇన్వర్టరు దీపముతో జరిగిన పెండ్లిలో అతడు చేయగలిగినదంతయు చేసెను. చిన్న పలక చాలలేదు. ఆ కొరత నిజమైనది. నేను అది ఒప్పుకొంటిని.

పుస్తకము చివర ఒక వరుస కలదు. అది చెడిపోయిన ఫొటో కాదు, తీయని ఫొటో. ఏప్రిలులో ఒక పల్లెలో పట్టపగలు పెండ్లి జరిగెను. పెండ్లికుమారుని నాయనమ్మ ముందుగానే వచ్చి మందిరపు వాకిటి దగ్గర చాపమీద కూర్చుండెను. జూనులో ఆమె ప్రభువునందు నిద్రించెను. జ్ఞాపకార్థ కూడికకు పెద్దదిగా వేయించి పెట్టుకొందుము, ఆమె ఫొటో ఒకటి ఇమ్మని మనుమడు వచ్చి అడిగెను. ఇంటిలో ఆమెకు మరియొక ఫొటో లేదు. ఆధారు కార్డుమీది చిన్న బొమ్మ ఒక్కటియే. మన యువకుడు ఆ పెండ్లి ఫొటోలన్నియు వెదకెను. వెయ్యికి పైగా ఉన్నవి. పెండ్లికుమార్తె గాజులవి వేరుగా, చెప్పులవి వేరుగా ఉన్నవి. నాయనమ్మ ఒకే ఒక దానిలో, ఎవరిదో భుజము వెనుక, చీర అంచువరకు ఉన్నది.

ఆమె వాకిటి దగ్గర కూర్చున్నది. ఆ మందిరమంతటిలో వెలుతురు బాగుగా ఉన్న చోటు అదే. చిన్న పలక అక్కడ చాలును. పాత లెన్సును చాలును. అతడు కారణమున్న చోట రెండు మాటలు వ్రాసెను: ‘నేను చూడలేదు.’

ఆ పుట చూచినతరువాత నేనేమియు అనలేదు. అతడే చెప్పెను. “పెద్ద కెమెరా కొంటాను మాష్టారూ, కాని ఇప్పుడు కాదు. చెల్లెలి చదువు అయ్యాక, వడ్డీ లేకుండా. రాత్రి పెండ్లి వస్తే పట్నంలో ఒక్క రోజుకు అద్దెకు తెచ్చుకుంటాను. పెండ్లికి వెళ్లగానే ముందు వాకిలి దగ్గర కూర్చున్నవాళ్లను తీస్తాను.” ఆ సంవత్సరము తోట కాయమీదనే అమ్మిరి. చెల్లెలి ఫీజు కట్టిరి. అంత మాత్రమున అతని వృత్తి బాగుపడినదని నేను చెప్పను. కెమెరా పేరు అడిగి వెళ్లిపోయిన పెండ్లివారు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఆ నష్టము అతడు భరించుచున్నాడు. నాయనమ్మ ఫొటో లేని ఇంటివారి నష్టము మాత్రము ఎవరును తీర్పలేరు.

ప్రియులారా, మనలో కెమెరా కొనువారు కొద్దిమందియే. కాని ఈ ప్రశ్న అందరిదియు. ఒకడు ఉన్న బోరు చాలక లోతు బోరు వేయింప తలంచును. ఒకడు బాగుగా నడుచుచున్న మోటారుసైకిలు మార్చ తలంచును. మన సంఘములు పాత స్పీకర్లు తీసివేసి పెద్ద సౌండు బాక్సులు కొనుటకు చందాలు వ్రాయించుచున్నవి. ఇవి పాపములు కావు, కొన్ని అవసరములు. అయితే కొనకముందు ఒక వేసవి నోటుపుస్తకము పెట్టుట మంచిది. పాట వినబడనిది బాక్సు చిన్నదైనందుననా, మనము సాధన చేయనందుననా? నీరు చాలనిది బోరు లోతు లేకనా, కాలువ గట్టు తెగియుండుటవలననా? కొరత పేరు తెలిసినతరువాత, దాని వెల ఎవరు చెల్లింతురో తెలిసినతరువాత, కొనుటకు భయపడనక్కరలేదు. అవి తెలియకముందు కొన్నది సొంత డబ్బుతో కొన్నను ఎరవు గొడ్డలియే.

ఆ నోటుపుస్తకము ఇప్పుడు అతని కెమెరా సంచిలోనే ఉన్నది. వచ్చే ఆదివారము మన మందిరములలో వాకిటి దగ్గర ఎవరు కూర్చుందురో మనమును ఒకసారి తిరిగి చూతము. అట్టి చూపు ప్రభువు మనకందరికి దయచేయును గాక.